క్యాన్సర్ అని రాస్తేనే సంతకం పెడతారట

మా నాన్న శ్రీకాకుళం నుంచి టెల్కోలో ఉద్యోగానికి వచ్చాడు. 2003లో కంపెనీ పేరు టాటా మోటార్స్ అయినా మాకది టెల్కోయే. నేను పెరిగింది టెల్కో కాలనీ క్వార్టర్స్‌లో. నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, దగ్గర్లోని గోవిందపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం.

2013లో మా వెనక స్థలంలో ఒక పెద్ద ఫోన్ కంపెనీ టవర్ లేచింది. టవర్‌తో నాకు పేచీ లేదు. దాని కింద పెట్టిన డీజిల్ జనరేటర్‌తోనే నా గొడవంతా. కరెంటు పోతే చాలు, రాత్రంతా అమ్మ పడుకునే గది కిటికీ పక్కనే మోగేది. మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

అమెరికాలోలాగా చిన్న దావాల కోర్టుకి వెళదామంటే మనకి అలాంటిది లేదు. 1887 చట్టం కింద స్మాల్ కాజ్ కోర్టులున్నా, ఫలానా పని ఆపమని అవి ఆజ్ఞ ఇవ్వలేవు. అప్పట్లో చవకైన దారి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ (2024 జూలై నుంచి కొత్త సంహితలో 152). లాయరు లేకుండానే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కి అర్జీ ఇవ్వొచ్చు. రత్లాం జనం మురుగు మీద మున్సిపాలిటీని నిలదీసింది ఈ సెక్షన్‌తోనే. డబ్బు లేదన్న సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు.

ఒకటే చిక్కు. ఒక్కడి నిద్ర చెడితే చాలదు, పదిమందికి ఇబ్బంది అని చూపాలి. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను.

"క్యాన్సర్ వస్తుందని రాయి బాబూ, వీధంతా సంతకం పెడతాం. చప్పుడంటే ఎవడు పట్టించుకుంటాడు?" అన్నారు పక్కింటి బాబాయిగారు.

నిజం చెప్పొద్దూ, మనసు లాగింది. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలని 'బహుశా' అన్న జాబితాలో పెట్టింది. ఆ ఒక్క మాట పట్టుకుంటే పాతిక సంతకాలు. కానీ 1995లో వినాయకుడు పాలు తాగాడని జనం క్యూ కట్టినప్పుడు రుజువేదని అడిగినవాణ్ణి నేను. నాకు పనికొస్తుందని 'బహుశా'ని 'తప్పకుండా' చేస్తే నాకూ వాళ్ళకీ తేడా ఏముంది? అమ్మ నిద్ర ఒకవైపు, ఇది ఒకవైపు.

చివరికి నాలుగు సంతకాలతోనే వెళ్ళాను. నలభై రాత్రుల తారీఖులు, గంటలు రాసిన నోటుబుక్కు, మిత్రుడి సౌండ్ మీటరు చూపిన అంకెలు జతచేశాను. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది దాటాక పరిమితి 45 డెసిబెల్స్. మా కిటికీ దగ్గర 68.

కంపెనీ లాయరు రేడియేషన్ సర్టిఫికెట్ తెచ్చాడు. అర్జీలో ఆ మాటే లేదని చదివాక ఆ కాగితం పక్కన పెట్టేశాడు. జనరేటర్ మీద అతని దగ్గర ఏ కాగితమూ లేదు. ఐదో వాయిదాకి ముందే కంపెనీవాళ్ళు వచ్చి జనరేటర్‌కి శబ్దం ఆపే పెట్టె బిగించి, దాన్ని స్థలం అవతలి మూలకి జరిపారు. చప్పుడు పూర్తిగా పోలేదు. అమ్మ మాత్రం నిద్రపోతోంది.

"క్యాన్సర్ అని రాసుంటే టవరే పోయేది" అని బాబాయిగారు ఇప్పటికీ అంటారు. మొన్న వాళ్ళ వీధి చివర పిండిమిల్లు రాత్రిళ్ళు మోగుతోందని ఒక కాగితం పట్టుకొచ్చారు. తారీఖులు, గంటలు అన్నీ వరసగా రాసి ఉన్నాయి.

"పిండిమిల్లుకి కూడా రేడియేషన్ ఉంటుందేమో, ఒక మాట రాద్దామా?" అని అడిగారు.