కరెంటు పోని ఆట

వేసవి సెలవుల్లో మనమంతా ఆడి ఓడిన మారియో గుర్తున్నాడా? అతని రాజ్యాన్ని అయిదు నిమిషాల్లోపే దాటేసేవాళ్లున్నారు. అదెలాగో తెలుసుకుంటూ ఆ ఆట పుట్టిన గడ్డ మీద ఓ రోజు తిరిగొస్తే...

క్యోటో అనగానే గుళ్లూ, చెర్రీపూలూ, కిమోనోలూ గుర్తొస్తాయి. మేం మాత్రం వాటన్నిటినీ మర్నాటికి వాయిదా వేసి, క్యోటో స్టేషన్‌లో కింటెట్సు రైలెక్కాం. ఉజి పట్నం వైపు అరగంట లోపు ప్రయాణం. దిగాల్సింది ఓగురా అనే చిన్న స్టేషన్లో. అక్కడికి అయిదు నిమిషాల నడక దూరంలో నింటెండో మ్యూజియం ఉంది. 2024 అక్టోబరు 2న తెరిచారు. వెళ్లాలనుకోగానే వెళ్లిపోయే చోటు కాదది. టికెట్ల కోసం ముందే పేరు నమోదు చేసుకోవాలి, లాటరీలో మన పేరు రావాలి. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి పేరు వచ్చింది. ‘అక్కా, నువ్వు రావాల్సిందే’ అన్నాడు. వెళ్లక తప్పలేదు. ఎందుకంటే మా ఇద్దరి మధ్యా మారియో విషయంలో ఓ పాత పేచీ ఉంది.

ఎవరూ చూడని గెలుపు

1999 వేసవి. తెనాలిలో మా ఇల్లు. విజయవాడ బీసెంట్ రోడ్డులో నాన్న కొనుక్కొచ్చిన వీడియో గేమ్ డబ్బా, దానికి పసుపురంగు క్యాసెట్. అది జపాన్ యంత్రానికి నకలని అప్పట్లో మాకేం తెలుసు! పని చేయకపోతే క్యాసెట్ తీసి ‘ఉఫ్’ అని ఊదడం, మళ్లీ పెట్టడం... మీ ఇంట్లోనూ ఇదే జరిగి ఉంటుంది. ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు. కరెంటు పోయిందంటే మళ్లీ మొదటి నుంచే. ఆ రోజుల్లో వేసవి మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పక్కర్లేదుగా!

ఓ మధ్యాహ్నం ఎనిమిదేళ్ల తమ్ముడు పెరట్లోకి పరుగెత్తుకొచ్చాడు. ‘గెలిచానక్కా! డ్రాగన్ పడిపోయింది, రాకుమారి వచ్చింది!’ అని అరిచాడు. అమ్మా నేనూ లోపలికొచ్చేసరికి టీవీ నల్లగా ఉంది. కరెంటు పోయింది. ‘అబద్ధం’ అన్నాను. ‘వచ్చింది రాకుమారి కాదు, పుట్టగొడుగు టోపీవాడై ఉంటాడు’ అన్నాను. అలా అనడానికి కారణం ఉంది. మొదటి ఏడు కోటల్లోనూ డ్రాగన్ను పడగొడితే వచ్చేది ఆ టోపీవాడే. ఎనిమిదో కోటలో తప్ప రాకుమారి కనిపించదు. వాడు ఏడ్చాడు. ‘ఏదో రాసి కూడా ఉంది. బి నొక్కమని ఉంది’ అన్నాడు. నేను వినలేదు. తర్వాత ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని పండగల్లో ఆ మాట ఎత్తి వాణ్ని ఏడిపించానో లెక్కలేదు.

రైల్లో కూర్చోగానే తమ్ముడు ఫోన్ తీశాడు. ‘ముందు ఇది చూడు’ అన్నాడు.

ఆపుతూ... సాగుతూ...

తెర మీద అదే మారియో. కానీ ఆ పరుగు మనిషిది కాదు! ఎక్కడా ఆగడు, తడబడడు. శత్రువుల మధ్య వెంట్రుకవాసి సందులోంచి జారిపోతాడు. గోడలకు ఢీకొన్నట్టే ఉంటాడు, అంతలోనే ముందుకెళ్లిపోతాడు. దీన్ని ‘టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్’ అంటారట. ముద్దుగా ‘టాస్’. అంటే పరికరాల సాయంతో ఆడిన వేగపు ఆట.

పాత గేమ్ యంత్రాన్ని కంప్యూటర్లో అచ్చంగా అనుకరించే ప్రోగ్రాములున్నాయి. వాటిని ఎమ్యులేటర్లంటారు. తెర మీద సెకనుకు దాదాపు 60 బొమ్మలు మారతాయి. ఎమ్యులేటర్లో ఆ బొమ్మలను ఒక్కొక్కటిగా ఆపి చూడొచ్చు. ఈ బొమ్మ దగ్గర ఏ మీట నొక్కాలి? నొక్కి చూస్తారు. బాగుంటే ఉంచుతారు. లేకపోతే వెనక్కెళ్లి మళ్లీ నొక్కుతారు. ఎక్కడికక్కడ ఆటను దాచుకునే సౌకర్యమూ ఉంటుంది. అంటే కరెంటు పోతుందన్న భయం లేని ఆటన్నమాట!

అలాగని ఇది కత్తిరించి అతికించిన వీడియో కాదు. ఆట ప్రోగ్రామును మార్చరు. చివరికి మిగిలేది మీటల జాబితా ఒక్కటే. సుమారు 18 వేల బొమ్మలకు, ఒక్కోదానికి ఎనిమిది మీటల్లో ఏవి నొక్కాలో రాసిన పట్టిక. అదే సమయానికి అదే మీట నొక్కితే ఆట ప్రతిసారీ ఒకేలా నడుస్తుంది. పోచంపల్లి చీరకు నేతకు ముందే దారాలు కట్టి రంగులద్దినట్టు, కష్టమంతా ముందే అయిపోతుంది. మనం చూసేది నేత మాత్రమే.

తమ్ముడు చూపించింది ‘హ్యాపీలీ’ అనే మారుపేరున్న చైనా ఆటగాడు చేసినది. 2011 నాటిది. యంత్రం మీట వేసిన క్షణం నుంచి లెక్కేస్తే 4 నిమిషాల 57.31 సెకన్లు.

32లో ఎనిమిదే మజిలీలు

ఆ రాజ్యంలో మొత్తం 32 మజిలీలు. ఈ దారిలో కాలు పెట్టేది ఎనిమిదింటిలోనే. మొదటి లోకంలో రెండు. అక్కడ గొట్టం దారిన నాలుగో లోకానికి. అందులో రెండు. అక్కణ్నుంచి నేరుగా ఎనిమిదో లోకానికి. అక్కడ నాలుగు.

మొదటి మజిలీ చివర జెండా కర్ర ఉంటుంది కదా. మనం దాన్ని పట్టుకుని జారితే జెండా దిగేదాకా ఆగాలి. ఇతను కర్రను సరిగ్గా ఓ చోట, ఓ క్షణంలో తాకుతాడు. జెండా దిగే తతంగమే ఉండదు, కోటలోకి నడుచుకుంటూ వెళ్లిపోతాడు. రెండో మజిలీలోని రహస్య గొట్టాల గది మనకూ తెలిసిందే. విచిత్రమంతా నాలుగో లోకం రెండో మజిలీలో ఉంది. మామూలుగా అక్కడ దాగిన తీగను బయటికి రప్పించి, అది ఎదిగేదాకా ఆగి, ఎక్కాలి. ఇతను ఇటుకలకు కాస్త ఢీకొని, తెరకూ తనకూ మధ్య ఉండాల్సిన దూరాన్ని కొద్దిగా తప్పిస్తాడు. గొట్టంలో దిగితే ఎక్కడికి పంపాలో ఆట నిర్ణయించేది తెర ఎంత దూరం జరిగిందన్న దాన్ని బట్టి. ఆ లెక్క తప్పడంతో మామూలు గొట్టమే అతణ్ని తీగపైన ఉండే గదికి చేరుస్తుంది!

‘ఇంకా వేగంగా వెళ్లలేడా?’ అన్నాను.

‘వెళ్లినా లాభం లేదక్కా’ అన్నాడు తమ్ముడు. తిరుమల క్యూ కాంప్లెక్సుతో పోల్చి చెప్పాడు. కంపార్టుమెంటులోకి మీరు ముందొచ్చినా వెనకొచ్చినా, తలుపు తీసినప్పుడే కదా బయటికి! ఈ ఆటలోనూ మజిలీ పూర్తయ్యాక తలుపు తీసేది 21 బొమ్మలకోసారే. అంటే సెకనులో మూడోవంతుకు కాస్త ఎక్కువ. తలుపు అందితే మొత్తం సమయం కలిసొస్తుంది, అందకపోతే అరక్షణం ముందొచ్చినా ప్రయోజనం సున్నా. చివరి కోటలో మాత్రం ఈ తలుపు లేదు. అక్కడ ప్రతి బొమ్మా లెక్కే.

మారియో ఆ చివరి కోటలో అడుగు పెడుతుండగా ఓగురా వచ్చేసింది. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

చెడిపోయినవి బాగుచేసిన చోటు

చిన్న ఇళ్లు, సైకిళ్లు, నిశ్శబ్దంగా ఉన్న వీధులు. వాటి మధ్య మ్యూజియం. 1969లో కట్టిన కర్మాగారమిది. పేకముక్కలు, ‘హనఫుదా’ అనే పూలబొమ్మల ముక్కలు ఇక్కడే తయారయ్యేవి. తర్వాత్తర్వాత చెడిపోయిన గేమ్ యంత్రాలను ఇక్కడే బాగుచేసేవారు. నింటెండో 1889లో క్యోటోలో మొదలైంది కూడా ఆ పూలబొమ్మల ముక్కల తయారీతోనే. గేమ్ యంత్రం ‘ఫామికామ్’ వచ్చింది 1983 జులైలో. షిగెరు మియమోతో, తకాషి తెజుకా తదితరులు తీర్చిదిద్దిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ వచ్చింది 1985 సెప్టెంబరు 13న.

ఆవరణలో మారియో ఆకుపచ్చ గొట్టాలు, ప్రశ్నార్థకపు ఇటుకలు కనిపిస్తాయి. ఫొటోలు దిగేది అక్కడే. పై అంతస్తు ప్రదర్శనలో ఫొటోలు నిషేధం. అద్దాల వెనక ఎరుపూ, తెలుపూ కలిసిన అసలు ఫామికామ్‌ను చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. మనం చిన్నప్పుడు ఆడినవి నకళ్లు. అసలు రూపం ఇదన్నమాట! మొత్తం మారియో ఆట ఆ క్యాసెట్లో పట్టింది 40 కిలోబైట్లలోనే. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. చోటు మిగుల్చుకోవడానికి మబ్బుకూ పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మాత్రం మార్చారు. ఈసారి చూసినప్పుడు గమనించండి.

మోసమా... తపస్సా?

‘మరి ఇది మోసం కాదా?’ అని తమ్ముణ్ని అడిగాను. ఆ ప్రశ్న చాలామంది అడిగిందే. 2003లో మోరిమోతో అనే జపాన్ ఆటగాడు ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ని దాదాపు 11 నిమిషాల్లో పూర్తి చేసిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. నిజంగా ఎవరో కూర్చుని ఆడేశారనుకుని జనం నోరెళ్లబెట్టారు. తర్వాత అసలు సంగతి తెలిసింది. రెండేళ్లు కష్టపడి, 40 వేల సార్లకు పైగా వెనక్కెళ్లి దిద్దుకుంటూ చేసిన పని అది. ఆయన దాన్ని దాచలేదు, తన పేజీలో జపాన్ భాషలో రాశారు. వీడియో మాత్రం ఆ వివరణ లేకుండా చేతులు మారింది. అద్భుతమన్నవాళ్లే దగా అన్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఫిన్లండ్ ప్రోగ్రామర్ ఒకరు ఇలాంటి ఆటల కోసం ప్రత్యేక వేదిక మొదలుపెట్టారు. పరికరాలు వాడామని మొదటే చెప్పడం అక్కడి పద్ధతి. మనుషుల రికార్డులు వేరు, ఇవి వేరు.

ఆ మీటల జాబితాలను ఇప్పుడు అసలు యంత్రాలకే అందిస్తున్నారు. 2014 జనవరిలో అమెరికాలోని వర్జీనియాలో జరిగిన ఓ గేమ్ మారథాన్‌లో రిమోట్ బదులు ఓ పరికరాన్ని తగిలించి ‘సూపర్ మారియో వరల్డ్’ ఆడించారు. కొద్దిసేపటికే మారియో మాయమై, అదే క్యాసెట్లోంచి పాంగ్, పాము ఆటలు పుట్టుకొచ్చాయి! వట్టి మీటలు నొక్కి ఆట లోపల కొత్త ప్రోగ్రాము రాసేశారన్నమాట. ఆ మారథాన్ క్యాన్సర్ నివారణ కోసం 10 లక్షల డాలర్లకు పైగా విరాళాలు సేకరించింది.

అసలు విశేషం ఇంకొకటుంది. పరికరాలు దారి చూపించాయి, మనుషుల వేళ్లు ఆ దారిన నడవడం నేర్చుకున్నాయి. జెండా దిగకుండా దాటే కిటుకు మనిషికి అసాధ్యమనే చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు మేటి ఆటగాళ్లంతా చేస్తారు. 2021లో తొలిసారి ఓ మనిషి 4 నిమిషాల 55 సెకన్ల గీత దాటారు. మనుషుల ఆటకు లెక్క మొదలయ్యేది మీట వేసినప్పుడు కాదు, ఆట మొదలైనప్పుడు. ఆ లెక్కనే 2023లో ‘నిఫ్ట్‌స్కి’ అనే ఆటగాడు 4 నిమిషాల 54.631 సెకన్లలో ముగించాడు. పరికరాల ఆటకూ అతనికీ తేడా ఒక్క సెకను కూడా లేదు! ఎవరో ఒకరు ‘ఇది సాధ్యమే’ అని చూపించకపోతే అక్కడిదాకా వెళ్లేవారా?

ఒకే రిమోట్... ఇద్దరు

కింది అంతస్తులో మనిషంత రిమోట్లున్నాయి. ఒకరు దిక్కులు చూసుకోవాలి, ఇంకొకరు మీటలు నొక్కాలి. టికెట్‌తో పాటు ఇచ్చే 10 నాణేల్లో కొన్ని ఖర్చుపెట్టి మేమూ ఎక్కాం. తమ్ముడు దిక్కులు, నేను ఎగరడం. ‘ఎగురక్కా, ఎగురు!’ అన్నాడు. ఎగిరాను... ఓ క్షణం ఆలస్యంగా. మొట్టమొదటి పుట్టగొడుగే మారియోను చంపేసింది. మా వెనకున్న పిల్లలు పడీపడీ నవ్వారు. మేమూ నవ్వాం.

సాయంత్రం ఓగురా ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నాం. ‘ఆ వీడియో చివర చూడలేదురా’ అన్నాను. తమ్ముడు ఫోన్ ఇచ్చాడు. చివరి కోట. గొట్టాల చిక్కుదారి, నీళ్లలో ఈత, వంతెన, డ్రాగన్. మారియో గొడ్డలి తాకాడు. వంతెన కూలింది. రాకుమారి వచ్చింది. ఆమె పక్కన అక్షరాలు ఒక్కో వరుసగా పడ్డాయి. నీ ప్రయాణం ముగిసింది, ఇక కొత్త ప్రయాణం అని... చివరి వరుసలో, బి మీట నొక్కమని.

నేను ఆ తెరను జీవితంలో చూడటం అదే మొదటిసారి. మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆ ఊళ్లో మాకు తెలిసినవాళ్లెవరూ అక్కడిదాకా వెళ్లలేదు. గెలవనివాళ్లకు ఆ బి సంగతి తెలిసే అవకాశమే లేదు.

‘ఒరేయ్, ఆ రోజు నువ్వు నిజంగానే గెలిచావురా’ అన్నాను.

వాడు రైలు వచ్చే వైపే చూస్తున్నాడు. ‘అమ్మకు ఫోన్ చేసి చెప్పక్కా’ అన్నాడు. ‘ఆ రోజు అమ్మ కూడా నమ్మలేదు.’