మన రక్తంలో కొడవలి

బెజవాడలో చదువుకుంటున్న మనం బందరు కాలువ, ఏలూరు కాలువ రోజూ చూస్తుంటాం కదా. బ్యారేజీ వదిలిన నీళ్ళు పొలాలకి పోతాయి, తిరిగి రావు. రక్తం అలా కాదు. గుండె పంపిన దాదాపు 5 లీటర్లూ ఒక్క నిమిషంలో ఒళ్ళంతా తిరిగి మళ్ళీ గుండెకే చేరతాయి. ఆక్సిజన్ మోసే ఎర్రకణం మెత్తగా ఉంటుంది కాబట్టి, తనకన్నా సన్నని నాళంలో కూడా వంగి దూరిపోతుంది.

సికిల్ సెల్ జబ్బులో ఆ కణం కొడవలిలా మారి గట్టిపడుతుంది. గుర్రపుడెక్క కాలువకి అడ్డం పడ్డట్టే. ఇక ఎముకల్లో భరించలేని నొప్పి. 120 రోజులు బతకాల్సిన కణం 10, 20 రోజులకే పోతుంది, అందుకే నీరసం. ఏజెన్సీ నుంచి వచ్చిన మా రూమ్మేట్ ఇలా మంచం పడితే హాస్టల్లో "బద్ధకం" అన్నారు. మాకిప్పటికీ కోపమే.

2023లో కేంద్రం మొదలుపెట్టిన మిషన్‌లో 40 ఏళ్ళ లోపువాళ్ళకి పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. సంబంధాలు చెడతాయని దాచుకునేవాళ్ళున్నారు. క్యారియర్ అంటే రోగి కాదు. కానీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పెళ్ళిమాటలకి ముందే రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూడమని ఇంట్లో పెద్దవాళ్ళకి మనమే చెప్పాలి. జబ్బున్నవాళ్ళు ఈ ఎండల్లో నీళ్ళు బాగా తాగండి, జ్వరమొస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.