అవ్వ విన్న తెలుగు

నా పుట్టిల్లు కోవిల్‌పట్టి, మెట్టినిల్లు విరుదునగర్. మధ్యలో సాత్తూరు. రైలెక్కితే గంటలో అమ్మ దగ్గర ఉండేదాన్ని. అమ్మ పోయి ఇప్పటికి ఐదేళ్ళయింది.

రెండు ఊళ్ళలోనూ మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో నేర్చింది తమిళ అక్షరాలే. తెలుగు అక్షరాలు నేను పెళ్ళయిన తర్వాత, పిల్లల వాచకం ముందు పెట్టుకొని దిద్దుకున్నాను. అమ్మకు చివరిదాకా రాలేదు. ఈ నల్లరేగడి సీమకు వలస వచ్చిన తెలుగువాళ్ళ కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా రాసిన కి. రాజనారాయణన్ గారిది కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్. ఇంట్లో తెలుగు మాట్లాడిన ఆయన కూడా ఆ నవల రాసింది తమిళంలోనే. 1976లో వచ్చింది. చదువంతా తమిళమైన చోట తెలుగు చెవిలోనే బతకాలి. అందుకే మా అమ్మకు గ్రంథాలయమంటే సినిమాయే.

నాన్న కొన్న ‘మాయాబజార్’ వీడియో కాసెట్టు మా ఇంట్లో ఉండేది. పండగ వస్తే అది వేయాల్సిందే. ఒక ఏడు వానాకాలంలో దానికి బూజు పట్టింది. కాసెట్లను డిస్కుల్లోకి మార్చే దుకాణం విరుదునగర్‌లో ఉందంటే పట్టుకెళ్ళాను. దుకాణదారు మూత తెరిచి చూసి, “టేపు అంటుకుపోయిందమ్మా, మెషీన్‌లో పెడితే తెగుతుంది” అన్నాడు. కాసెట్టు పోయినా సినిమా పోలేదు. 1957 నాటి ఆ చిత్రాన్ని 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. మన చట్టం ప్రకారం సినిమా హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్ళు. అంటే ఆ పాత నలుపు తెలుపు చిత్రం 2017 చివరికి అందరి ఆస్తి అయిపోయింది. ఇప్పుడు ఏ గ్రంథాలయమైనా దాన్ని దాచి చూపించవచ్చు.

చిక్కంతా కొత్త సినిమాలతోనే. 2015లో ‘బాహుబలి’ వచ్చినప్పుడు మా అబ్బాయికి 8 ఏళ్ళు. తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తీసిన చిత్రమది. వాడు విరుదునగర్‌లో తమిళంలో చూసి, ఆ వారమే కోవిల్‌పట్టి వెళ్ళి వాళ్ళవ్వకు కథంతా తమిళంలోనే చెప్పాడు. అమ్మ విని, “అదంతా సరేరా, కట్టప్ప ఎందుకు చంపినాడు? తెలుగులో చెప్పు” అంది. వాడు మాటల కోసం తడుముకున్నాడు. ‘కత్తి’ రెండు భాషల్లోనూ కత్తే కనుక అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు. మేమంతా నవ్వాం గానీ నాకు లోపల చివుక్కుమంది.

తిరుపతిలోని బంధువుల చేత తెలుగు డిస్కు తెప్పించాను. సెలవులన్నీ అవ్వా మనవడూ దాని ముందే. ఒక్కొక్క మాట దగ్గర ఆపడం, అర్థం చెప్పుకోవడం. “మన తెలుగు ఇట్లా ఉండదే, అయినా వినను బాగుంది” అనేది అమ్మ. వాడికి ఈనాడు తెలుగులో నాలుగు మాటలు వస్తున్నాయంటే ఆ సెలవుల చలవే.

అమ్మ సంవత్సరీకం రోజున వాడు ఆ సినిమా పెట్టమన్నాడు. డిస్కు గీతలు పడి సగంలో ఆగిపోయింది. మేము చందా కట్టే సేవలో వెతికితే తమిళం మాత్రమే ఉంది. కాసేపు చూసి, “అమ్మా, అవ్వ విన్నది ఇది కాదు” అని కట్టేశాడు.

మరోచోట తెలుగులో దొరకవచ్చు. కానీ చందా సినిమా అద్దె ఇల్లు లాంటిది, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు. ఇంత పెద్ద సినిమా ఎక్కడికి పోతుందని మీరనవచ్చు. 1932లో హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఈనాడు ఒక్కటీ మిగల్లేదు. ఈ కాలపు సినిమా థియేటరుకు వచ్చేది తాళం వేసిన కంప్యూటర్ ఫైలుగా. తాళంచెవికి ఇచ్చిన గడువు తీరితే అది తెరుచుకోదు. అచ్చయిన పుస్తకాన్ని చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి పంపాలని 1954 చట్టం ఉంది. ప్రతి సినిమాకూ అలాంటి నిర్బంధం లేదు. పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉన్నా, దాని దాకా చేరినవే అక్కడ దక్కుతాయి.

‘బాహుబలి’ మొదటి భాగం హక్కు 2075 చివరిదాకా ఉంటుంది. అప్పటికి మా వాడికి 68 ఏళ్ళు. అందాకా దాన్ని దాచేదెవరు? దొంగ కాపీలు పెట్టమని నేననను. తాళం లేని ఒక ప్రతిని, ఏ భాషలో తీస్తే ఆ భాష మాటలతో సహా, నిర్మాతలు ప్రభుత్వ డిజిటల్ గ్రంథాలయంలో అప్పగించాలి. హక్కు ఉన్నన్నాళ్ళు అక్కడికి వెళ్ళినవారికే చూపించాలి, తీరాక అందరికీ తెరవాలి. మనలాంటి ప్రవాస తెలుగు సంఘాలు ఈ మాట గట్టిగా అడగాలని నా మనవి. ఆంధ్ర, తెలంగాణల్లో తెలుగు వీధిలోనూ వినిపిస్తుంది. మనకు ఇంట్లోనే వినిపించాలి.

మా వాడి పాత ఫోనులో అమ్మ గొంతు 11 సెకన్లు ఉంది. కట్టప్ప ఎందుకు చంపినాడని అడగడం, ఆ తర్వాత నవ్వు. దాన్ని వాడు ఫోనులో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి, కోవిల్‌పట్టిలో మా అన్నయ్య దగ్గర ఒకటి, మూడు చోట్ల దాచాడు. ఎందుకురా అంటే, “ఒకచోట పోతే?” అన్నాడు.