అమ్మీ జానిమాజ్‌లోంచి వచ్చిన మక్డీ

అమ్మీ ఇంతెఖాల్ అయ్యాక, నలభయ్యో రోజు ఫాతిహా ముగించి, రేపల్లె ఇంటికి తాళం వేసి అబ్బాను తెనాలి తీసుకొచ్చేశాను. ఒంటరిగా ఎలా వదిలేస్తాం?

సామాన్లతోపాటు అమ్మీ జానిమాజ్ కూడా వచ్చింది. విప్పుతుంటే మడతలోంచి గోధుమరంగు సాలీడు పిల్ల ఒకటి నా చేతిమీదికి గెంతింది. "దాదీ ఇంటి మక్డీ!" అంది నా బేటీ. చంపనివ్వలేదు. ఊరగాయ సీసా కడిగి, అందులో వేపపుల్ల పెట్టి, మూతికి పాత దోమతెర గుడ్డ కట్టాం.

బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివిన దోస్తుకు ఫోటో పంపాను. గెంతే సాలీళ్ల ఖాన్‌దాన్, ఏ రకమో పెద్దయ్యాక చెబుతానన్నాడు. ఈ ఖాన్‌దాన్‌లో ఆరు వేలకు పైగా రకాలున్నాయి. సాలీళ్లలో ఇంతకన్నా పెద్ద కుటుంబం లేదు. వేటకోసం ఇవి వల అల్లవు. ఎనిమిది కళ్లలో ముందున్న రెండు పెద్ద కళ్లతో గురి చూసి, పిల్లిలా పొంచి దూకుతాయి. దూకే ముందు ఒక దారం అతికించుకుంటాయి. గురి తప్పినా ఆ దారానికి వేలాడి మళ్లీ పైకెక్కొచ్చు.

రెండు మూడు రోజులకో బతికున్న ఈగ, సీసా గోడమీద ఒక నీటి చుక్క. ఎండ తగలని కిటికీ పక్కన, అబ్బా మంచం దగ్గరే పెట్టాం.

అబ్బా మాత్రం ఖామోష్. గోడవైపు తిరిగి పడుకునేవారు. పళ్లెం ఎలా పెట్టింది అలాగే తిరిగొచ్చేది. గంటకోసారి తలుపు తోసుకెళ్లి "అబ్బా, కొంచెం తినండి" అని సతాయించేవాణ్ణి.

కొన్నాళ్లకు మక్డీ కూడా తినడం మానేసింది. గుడ్డ కిందే తెల్లటి చిన్న గుడారం కట్టుకుని లోపల ముడుచుకుంది. చచ్చిపోతుందేమోనన్న ఫిక్ర్‌తో ఈగను వేద్దామని గుడ్డ లాగాను. గుడారం సగానికి చిరిగింది.

"ఛేడ్ నక్కో బేటా!"

అబ్బా మంచం మీద లేచి కూర్చున్నారు.

దోస్తుకు ఫోన్ చేస్తే వాడూ తిట్టాడు. పొర విడిచే ముందు ఇవి తిండి మానేస్తాయట. పొర విడిచాక ఒళ్లు మెత్తగా ఉంటుంది కనక లోపల ఈగను వదిలితే దీనికే ఖత్రా. నీటి చుక్క చాలు, ముట్టుకోవద్దన్నాడు.

రాత్రికల్లా చిరుగు అదే కుట్టుకుంది. ఆ రోజునుంచి ఫజర్ నమాజ్ కాగానే అబ్బా సీసా ముందు కూర్చునేవారు. ఒకరోజు సౌర్ గుహ ముఖాన మక్డీ గూడు అల్లిన కిస్సా బేటీకి చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. "ఇదేనా దాదా అది?" "కాదమ్మా, ఇది వల అల్లదు. పడుకోడానికి మాత్రమే కట్టుకుంటుంది."

పదో రోజు పొద్దున గుడారంలో కాళ్లతో సహా ఖాళీ పొర మిగిలింది. సీసా గోడమీద కొత్త మక్డీ, నల్లటి ఒంటిమీద తెల్లటి చారలతో. మగది. దోస్తు ఇప్పుడు పేరు చెప్పాడు: ప్లెక్సిపస్ పైకుల్లి. ఉష్ణమండల దేశాల్లో ఇళ్ల గోడలమీద, దీపాల దగ్గర తిరిగే రకం. ఇక పొర విడవదు. మిగిలిన జిందగీ కొన్ని నెలలే.

ఆపైన అది ఒకచోట నిలవలేదు. అద్దం వెంబడి పైకీ కిందికీ ఒకటే తిరుగుడు. జోడీ కోసమట.

రెండ్రోజులు చూసి అబ్బా అడిగారు, "రేపల్లె తాళంచెవి ఏది?"

ఆదివారం పాసింజర్ ఎక్కాం. వేమూరు, భట్టిప్రోలు దాటినా సీసా ఆయన ఒళ్లోనే ఉంది. ఇల్లు తెరిచి, వరండా బల్బు కింద గుడ్డ విప్పారు. మక్డీ అంచుమీద ఆగి, ఒక్క గెంతుతో గోడెక్కింది. అబ్బా లోపలికెళ్లి జానిమాజ్ పరిచారు. ఆయన సంచీలో అదొక్కటే తెచ్చుకున్నారని అప్పుడు చూశాను.

"పిల్లకు రేపు స్కూలుంది, నువ్వెళ్లు" అన్నారు సలాం తిప్పాక.

దారిలో ఎన్నో మాటలు తయారు చేసుకున్నాను, అక్కడే ఉంటానంటే ఎలా ఒప్పించాలో. ఒక్కటీ అనలేదు. ఖాళీ సీసాతో సాయంత్రం రైలెక్కాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాను. రెండో తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. అయినా తలుపు కొట్టి, ఆయన తీసేదాకా వరండాలో నిలబడతాను.