మహానది పుట్టింటికి

రాయపూర్ కొండల ఊరు కాదు. మైదానం నడుమ వున్న ఆ నగరం చుట్టూ ఎటు చూసినా వరిచేలే. అందుకే ఛత్తీస్‌గఢ్‌ను ‘ధాన్ కా కటోరా’, అనగా ధాన్యపు గిన్నె అంటారు. గిన్నె అన్నాక అంచు వుండాలి గదా! చుట్టూ దూరాన వున్న కొండలే ఆ అంచు. నగరానికి దక్షిణంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, నేటి ధమ్‌తరీ జిల్లాలో వున్నవి సిహావా కొండలు. మహానది పుట్టిల్లు అదే.

మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. శ్రీకాకుళం వైపు నుండి వచ్చి రాయపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాది ఒకటి. నాన్నగారికి కొండలంటే ప్రాణం. 1986 డిసెంబరు సెలవులలో ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర ప్రకటించారు: “ఏటేటా రాజిమ్ జాతరకు పోయి మహానదిలో మునిగి వస్తున్నాము. ఆ నది పుట్టిన చోటు చూడవద్దటర్రా?” అడగడమే గాని, మా జవాబు కోసం ఆయన ఆగలేదు. సంచులు అప్పటికే సర్ది వున్నాయి!

ఆ రోజులలో రాయపూర్ నుండి ధమ్‌తరీకి చిన్న పట్టాల రైలు నడిచేది. ఆ బండి ఇప్పుడు లేదు. ధమ్‌తరీలో దిగి, బస్సులో నగరీకి చేరి, రాత్రి అక్కడ గడిపి, తెల్లవారగానే సిహావా వెళ్ళి కొండ ఎక్కసాగాము.

నాన్నగారు ముందు, తమ్ముడు ఆయన వెనుక, తరువాత నేను, అందరికంటే వెనుక అమ్మ. అమ్మకు ఆయాసం వున్నది. వెనుదిరిగి చూసినప్పుడల్లా నాన్నగారు “ఇంకెంత, ఇరవై అడుగులే!” అని కేక వేసేవారు. మూడవసారి ఆ మాట వినపడగానే అమ్మ ఒక ఇప్పచెట్టు మొదట కూర్చుండిపోయింది.

“ఏమండీ, మీ ఇరవై అడుగులు ఇందాకటి నుండీ ఇరవైగానే వున్నాయి. మీరు వెళ్ళి రండి. నేను ఇక్కడే వుంటాను,” అన్నది. ఆ గొంతులో కోపం లేదు, నిరాశ వున్నది. కుటుంబమంతా కలిసి చూడవలసిన దృశ్యం ముగ్గురి పాలయ్యేటట్లున్నది.

నాన్నగారు క్రిందికి దిగివచ్చి అమ్మ ప్రక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు ఆమె చేతిసంచీ అందుకొని, “ఇక నువ్వు ముందు నడు. మేము నీ వెనుక వస్తాము. నువ్వు ఆగినచోట అందరమూ ఆగుదాము,” అన్నారు.

అప్పటి నుండి నడక మారిపోయింది. ఆగిన ప్రతిచోట ఏదో ఒకటి కంటబడేది. చెదల పుట్టలు, సాలవృక్షాల మధ్య పిట్టల అలికిడి, విస్తళ్ళకు ఆకులు ఏరుకొంటున్న స్త్రీలు. అంతవరకు మాకు నాన్నగారి వీపు తప్ప మరేమీ కనిపించలేదు!

కొండపై శృంగి ఋషి ఆశ్రమం వున్నది. దశరథునిచేత పుత్రకామేష్టి చేయించిన ఋష్యశృంగుడే ఈయన అని అక్కడివారి నమ్మకం. ఆశ్రమం వద్ద వున్న చిన్న నీటిగుంటే మహానదికి జన్మస్థానమని భక్తులు కొలుస్తారు. భూగోళ శాస్త్రజ్ఞులు మాత్రం సమీపంలోని ఫర్సియా గ్రామం వైపు, సముద్రమట్టానికి సుమారు 442 మీటర్ల ఎత్తున వున్న మడుగు నుండి నదిని లెక్కిస్తారు.

తమ్ముడు గుంటలోకి తొంగిచూసి, “ఇంతేనా?” అన్నాడు. నాన్నగారి ముఖం చిన్నబోయింది. అమ్మ నవ్వి, “పుట్టింట్లో ఎవరైనా చిన్నవాళ్ళేరా!” అన్నది.

ఆ మాటతో నాన్నగారికి మళ్ళీ హుషారు వచ్చింది. నేలమీద పుల్లతో నది దారి గీసి చూపించారు. సముద్రం తూర్పున వున్నా, ఈ నది ముందుగా ఉత్తరదిశగా సాగుతుంది. రాజిమ్ వద్ద పైరీ, సోంఢూర్ నదులు వచ్చి కలుస్తాయి. శివరీనారాయణ్ ప్రాంతంలో శివనాథ్‌ను కలుపుకొని తూర్పునకు మళ్ళుతుంది. ఒడిశాలో 1957లో ప్రారంభమైన హీరాకుడ్ ఆనకట్టను దాటి, కటక్ మీదుగా బంగాళాఖాతం చేరేసరికి సుమారు 850 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ధమ్‌తరీ చేరువలోని గంగ్రేల్ జలాశయం కూడా దీనిదే. నేడు రాయపూర్ కుళాయిలకు, భిలాయి ఉక్కు కర్మాగారానికి నీరు అందించడంలో ఆ జలాశయానిదే ముఖ్యపాత్ర.

దిగేటప్పుడు కూడా అమ్మే ముందు నడిచింది. ఇల్లు చేరిన వారం రోజులకు ఆమే అడిగింది: “తరువాత ఏ కొండండీ?”

సిహావా చూడదలచిన వారికి వర్షాలు వెనుకబడిన తరువాత, ఎండలు ముదరకముందు వెళ్ళడం మంచిది. మంచినీరు వెంట వుంచుకోండి. ఉదయమే ఎక్కడం ప్రారంభించండి. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఎవరో చూసి, వారినే ముందు నడవనివ్వండి.