సులువైన ఆదివారం ఎవరికి?

చిరాగ్‌పల్లి అంటే చాలామందికి గుర్తొచ్చేది చెక్‌పోస్టు. హైదరాబాద్ నుంచి ముంబై వైపు పోయే బస్సులో నిద్ర మధ్య కళ్లు తెరిస్తే కనబడే లారీల వరస. తెలంగాణ ఇక్కడితో అయిపోతుంది, అవతల కర్ణాటక. 65వ నంబర్ జాతీయ రహదారి పక్కన, ఇద్దరు పిల్లలతో ఇల్లు పెట్టుకున్న మాలాంటివాళ్లకి కూడా శనివారం రాత్రి నగరంలో వాళ్లకి వచ్చే ప్రశ్నే వస్తుంది. రేపు పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలి?

ఇక్కడ అలవాటైన జవాబు హైదరాబాదే. వంద కిలోమీటర్లకు పైనే. పటాన్‌చెరు దాకా ఒక లెక్క, అక్కణ్ణుంచి మాల్ దాకా ఇంకో లెక్క. పోనూ రానూ దారిలోనే సగం రోజు అయిపోతుంది. మాల్‌లో పిల్లలు గంటన్నర గెంతుతారు, మిగతా టైమంతా లారీల వెనక రాతలు చదువుతారు. సోమవారం బడిలో "హైదరాబాద్ పోయొచ్చినం" అని చెప్పుకోడానికి పనికొస్తుంది, కాదనను.

"వీకెండ్‌లో పిల్లలతో హాయిగా గడపడానికి పది చోట్లు" అనే రకం వ్యాసాలు నేనూ చదువుతాను. దూరం రాస్తారు, టికెట్ రాస్తారు, పార్కింగ్ ఉందో లేదో రాస్తారు. పొద్దున నాలుగున్నరకు లేచి పులిహోర కలిపేది ఎవరో మాత్రం రాయరు. నీళ్ల సీసాలు, చిన్నదానికి రెండో జత బట్టలు, వాంతి కవర్లు, అత్తమ్మ బీపీ మాత్రలు. ఇల్లు చేరాక ఉతకాల్సిన యూనిఫాం, సోమవారం టిఫిన్‌కి నానబెట్టాల్సిన పప్పు. ఈ లిస్టు ఏ కాయితం మీదా ఉండదు, ఒకరి తలలో ఉంటుంది. మా ఇంట్లో ఆ తల నాది.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఒక లెక్క ఉంది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఆదివారం పిక్నిక్ అంటే చాలా ఇళ్లల్లో ఆ 299 నిమిషాల్ని చెట్టు కిందకి మోసుకుపోవడమే. చాప పరిచేదీ, వడ్డించేదీ, మూతలు పెట్టేదీ మళ్లీ ఆ మనిషే.

అందుకే సులువు అనే మాటకి నేను ఒక కొలత పెట్టుకున్నాను. ఇంట్లో ఏ ఒక్కరి ఆదివారమూ ఖర్చు కాకుండా మిగతావాళ్లకి ఆదివారం దొరకాలి. ఈ కొలతతో చూస్తే మ్యాప్ మారిపోతుంది. మాకు హైదరాబాద్ దూరమై, బీదర్ దగ్గరైంది.

జహీరాబాద్ నుంచి బీదర్ సుమారు ముప్పై కిలోమీటర్లు. వికారాబాద్–పర్లీ లైన్లో రైలు టైం కుదిరితే పిల్లలకి అదే సగం పండగ. కానీ బీదర్‌లోనూ అన్నీ చూసేయాలనుకుంటే అది మళ్లీ టూరిస్టు బస్సే అవుతుంది. బహమనీల కోట, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదర్సా, అష్టూరు సమాధులు, ఇవన్నీ ఒక్కరోజులో పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా చిన్నది భుజం మీద, పెద్దోడు అలక మీద ఉంటారు. ఝరణీ నరసింహస్వామి గుహలో నీళ్లలో నడిచిపోవాలి. మనకి నడుం దాకా వచ్చే నీళ్లు నాలుగేళ్ల పిల్లకి మెడ దాటుతాయి. అది పిల్లలు పెద్దయ్యాక. ఒక ట్రిప్పుకి ఒకటే చోటు అని తేల్చుకున్నాం.

మొదట అష్టూరు పోయాం. అక్కడ హుమాయూన్ షా సమాధి పిడుగు పడి సగం కూలిపోయింది. మిగిలిన సగం కోసిన ఉల్లిగడ్డలాగ నిలబడి ఉంటుంది, గోడ ఎంత మందమో, గుమ్మటం ఎట్లా వంగుతుందో లోపలంతా కనబడుతుంది. చెక్కుచెదరని సమాధుల కంటే మా పిల్లలకి ఇదే నచ్చింది. "దీన్ని ఎవరు కోసిండ్రు?" అని చిన్నది అడిగింది. పిడుగు అంటే నమ్మలేదు. గంటసేపు ఆ గడ్డిలోనే ఉన్నాం. ఎవరూ ఎవర్నీ తొందరపెట్టలేదు.

మధ్యాహ్నం భోజనానికి నానక్ ఝీరా గురుద్వారా. తలకి గుడ్డ కట్టుకుని, చెప్పులు విడిచి, అందరితో పాటు నేల మీద వరసలో కూర్చుంటే రొట్టె, పప్పు వచ్చి పళ్లెంలో పడతాయి. డబ్బులు లేవు, ఎవరు మీరన్న ప్రశ్న లేదు. ఆరోజు నా చేతి వంట తినకుండా మా ఇంటిల్లిపాదీ కడుపు నిండా తిన్నారు. నాకు వేడి రొట్టె దొరికింది. ఇంట్లో అందరికీ వేసి పెట్టేవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది.

అక్కడ వంటలో, గిన్నెలు తోమడంలో మగవాళ్లూ ఉన్నారు. సేవ అంటారు దాన్ని. మా పెద్దోడు కాసేపు నిలబడి చూశాడు. తిరుగు దారిలో అడిగాడు, "డాడీ, నీకు రొట్టె చెయ్యొస్తదా?" మా ఆయన పాట సౌండ్ పెంచాడు. అత్తమ్మ మాత్రం వెనక సీట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పిక్నిక్ అనే మాట రాకముందు ఈ నేలకి తనదైన ఆటవిడుపు ఉంది. మార్గశిర అమావాస్య, మావైపు నోళ్లలో ఎల్లమాస. జహీరాబాద్, నారాయణఖేడ్ నుంచి బీదర్, కలబురగి దాకా రైతు కుటుంబాలు ఆరోజు చేలోనే ఉంటాయి. జొన్న దంట్ల గూడు కట్టి, రాళ్లని పాండవులుగా నిలబెట్టి పూజ చేస్తారు. రకరకాల గింజలు, కూరగాయలు వేసి వండిన బజ్జి, రొట్టెలు, అంబలి. చేను లేనివాళ్లని చేను ఉన్నవాళ్లు పిలుస్తారు. పిల్లలకి చెట్టుకి ఉయ్యాల. టికెట్ లేదు, ఇంత టైంలో చూసెయ్యాలన్న గొడవా లేదు.

అయితే దీన్ని కూడా ముద్దు చేసి చెప్పలేను. ఆ బజ్జికి కూరగాయలు తరగడం ముందురోజే మొదలవుతుంది, తరిగేది ఆడవాళ్లే. "ఒక్కదాన్నే చేస్తే చచ్చిపోదును, నలుగురం కలిసి చేస్తం గదా" అంటుంది అత్తమ్మ. పని తగ్గలేదు, పంచుకున్నారు. ఆ పంపకం ఆడవాళ్ల మధ్యే ఆగిపోయింది.

ఇంకో సంగతి. హైవే పొడుగునా ఇప్పుడు ఎర్రనేల మీద తెల్లరాళ్లు, రంగుల జెండాలు. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో నిమ్జ్ పారిశ్రామిక ప్రాంతం కోసం భూములు తీసుకుంటున్నారు. పిలవడానికి చేను ఉన్నవాళ్లు తగ్గుతున్నారు. మా పిల్లలు పెద్దయ్యేసరికి ఎల్లమాసకి పోవడానికి కూడా ఏదో రిసార్ట్ టికెట్ కొనాల్సి వస్తుందేమోనని నా బెంగ. ఏటా సంక్రాంతికి మొదలై ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకుని ఊళ్లు తిరిగే పాత పంటల జాతరకి పిల్లల్ని తీసుకుపోయేది అందుకే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు దాన్ని నడుపుతారు. కొర్రలకీ సామలకీ తేడా మా పెద్దోడు అక్కడే నేర్చుకున్నాడు, నాకంటే బాగా.

పోయిన ఎల్లమాసకి బజ్జి కూరగాయలు మా ఆయన తరిగాడు. వంకాయ ముక్కలు ఒకటి ఇంత, ఒకటి అంత. అత్తమ్మ ముఖం అటు తిప్పుకుంది. చేలో తింటున్నప్పుడు పిల్లలు పెద్ద ముక్క ఎవరికి వచ్చిందో వెతుక్కున్నారు. నేను ఉయ్యాల ఊగాను.