సిద్దిపేట దారుల్లో మా చిన్న బండి

ఆదివారం ఫజ్ర్ నమాజు ముగిశాక, పిల్లలు ఇంకా నిద్రలో ఉండగానే, మేము మా పాత మోటారు సైకిలును చప్పుడు చేయకుండా వీధి చివరి వరకు నెట్టుకుంటూ వెళ్తాము. అక్కడికి చేరిన తరువాతే కిక్ కొడతాము. పిల్లల దాదీమా ఇంట్లో వారి దగ్గర ఉంటారు. వాన జోరుగా కురిసే రోజులు, రమజాను మాసం మినహాయిస్తే, పదకొండేళ్లుగా నెలకు ఒకటి రెండు ఆదివారాలు మాకు ఇలాగే తెల్లవారుతున్నాయి. మాలో ఒకరు బండి నడుపుతారు, ఒకరు వెనుక కూర్చుంటారు. సంచిలో ఒక జానమాజు, రెండు నీళ్ల సీసాలు, నాలుగు రొట్టెలు, కాస్త పచ్చడి. ఇదే మా ప్రయాణ సామగ్రి.

మా బండి 100 సీసీది. దాని బలం ఎనిమిది అశ్వశక్తి మాత్రమే. అయినా హ్యాండిల్ పట్టుకోగానే వాహనం ఎక్కేటప్పుడు చదివే దుఆ చదువుకుంటాము. దివ్యఖుర్ఆన్‌లోని జుఖ్రుఫ్ సూరా నేర్పిన ఆ దుఆ భావం ఎంత గొప్పది! ఈ వాహనాన్ని మనకు లోబరచినవాడు అల్లాహ్‌యే, మన శక్తితో దానిని వశపరచుకోగలిగేవారము కాము, చివరకు మనమంతా ఆయన వైపునకే మరలిపోవలసినవారము అని అందులో ఒప్పుకుంటాము. ఒంటె మీద కూర్చున్నవారికి ఎంత అవసరమో, పెట్రోలు బండి మీద కూర్చున్నవారికీ ఆ మాట అంతే అవసరం.

మా సిద్దిపేట హైదరాబాదుకు ఉత్తరాన, రాజీవ్ రహదారి మీద, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. మా చిన్నతనంలో ఈ సీమ పేరు చెబితే ఎండిన చెరువులు, ఎంత లోతుకు తవ్వినా నీరు పడని బోర్లు, పని వెతుక్కుంటూ బస్సెక్కే జనం గుర్తుకు వచ్చేవారు. ఇప్పుడు పట్టణం దాటి ఏ దిక్కుకు వెళ్లినా గంట లోపే ఏదో ఒక పెద్ద జలాశయం ఎదురవుతుంది. గోదావరి నీరు మధ్య మానేరు, అనంతగిరి జలాశయాల మీదుగా రంగనాయక సాగర్‌కు, అక్కడి నుంచి మల్లన్న సాగర్‌కు, ఆ పైన కొండపోచమ్మ సాగర్‌కు పంపుల ద్వారా మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. పల్లానికి పారడం నీటి స్వభావం. ఇక్కడ అది గుట్టలెక్కుతోంది.

మాకు అన్నింటికంటే దగ్గర రంగనాయక సాగర్. చంద్లాపూర్ వద్ద 2020 ఏప్రిల్‌లో నీరు నిండడం మొదలైన ఈ జలాశయం సామర్థ్యం 3 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. నడుమ ఒక గుట్ట ద్వీపంలా నిలిచి ఉంటుంది. ఉదయపు మంచులో కట్ట మీద నిలబడితే ఆ గుట్ట నీటిపై తేలుతున్నట్లు కనిపిస్తుంది. ఫాల్గుణంలో దారి పక్కన మోదుగులు ఎర్రగా పూస్తాయి. వానలు వెనుకబట్టాక పల్లెల స్త్రీలు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటారు. బేరమాడకుండా కొనడం మేము పెట్టుకున్న నియమం.

కాస్త దూరం వెళ్లాలనిపిస్తే సిరిసిల్ల మీదుగా ఎల్గందుల కోటకు వెళ్తాము. అటు నుంచి కరీంనగర్ చేరి, రాజీవ్ రహదారి పట్టుకుని తిరిగి వస్తే నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. ఎల్గందుల ఒకప్పుడు జిల్లా కేంద్రం. కాకతీయులు, బహమనీలు, కుతుబ్ షాహీలు, మొఘలులు, అసఫ్ జాహీలు వరుసగా ఏలిన చోటు. 1905లో ఆ హోదా కరీంనగర్‌కు మారింది. ఆ కరీంనగర్‌కు పేరు కూడా ఎల్గందుల కిల్లేదారు సయ్యద్ కరీముద్దీన్ నుంచే వచ్చిందని చెబుతారు. కోటపై 1754లో జఫరుద్దౌలా కట్టించిన మసీదు ఉంది. దాని మీనారును ఊపితే కదులుతుందని ప్రతీతి. మేము ఊపి చూడలేదు. రెండున్నర శతాబ్దాలు నిలిచినదాన్ని మా సరదా కోసం కదిలించడం మాకు సమ్మతం కాలేదు. భూమిలో సంచరించి, గతించినవారి పర్యవసానాన్ని గమనించమని ఖుర్ఆన్ పలుమార్లు మనల్ని ప్రోత్సహిస్తుంది. అయిదు రాజ్యాల జెండాలు ఎగిరిన ఆ గోడల మీద ఇప్పుడు మేకలు ఎక్కుతున్నాయి.

పెద్ద బండి కోరిక మాలో మొలకెత్తింది ఈ ఎల్గందుల దారిలోనే. నిరుడు చలికాలంలో తిరిగి వస్తూ రాజీవ్ రహదారి ఎక్కాము. ఎదురుగాలి బలంగా ఉంది. ఇద్దరి బరువుతో మా బండి యాభై దాటనని మొరాయిస్తోంది. లారీ పక్కగా పోయిన ప్రతిసారీ ఆ గాలికి బండి ఊగిపోతోంది. అంతలో హైదరాబాదు వైపు వెళ్తున్న యువకుల జట్టు ఒకటి పెద్ద బండ్ల మీద మమ్మల్ని దాటిపోయింది. ఆ బండ్లు గాలిని లెక్కచేయలేదు. ఒక యువకుడు చేయి ఊపి సలాం చెప్పినట్లు తల వంచాడు. మేమూ చేయి ఊపాము. ఆ తరువాత ఇంటికి చేరేదాకా మాలో ఎవరమూ మాట్లాడలేదు. ఇద్దరమూ ఒకే విషయం ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు.

ఈ విషయంలో మేము నిజాయితీగా మాట్లాడుకోవాలి. బుల్లెట్ బండ్లు 1955 నుంచి మద్రాసులో తయారవుతున్నాయి. మా చిన్నతనంలో ఆ చప్పుడు దూరం నుంచి వినిపిస్తే పోలీసు అధికారో, ఊరి పెద్ద ఆసామియో వస్తున్నాడని అందరూ పక్కకు తప్పుకునేవారు. నడిపేవారి మనసులో ఆ చప్పుడు అప్పటి నుంచీ ఉండిపోయింది. వెనుక కూర్చునేవారికి ఆ చప్పుడుతో పని లేదు. వెడల్పాటి సీటు కావాలి. ఎనభై కిలోమీటర్లు దాటాక మొదలయ్యే నడుము నొప్పి తగ్గాలి. అందులో ఒకటి కీర్తి కోరిక, మరొకటి అవసరం. పెద్ద బండి ఒక్కటే రెండింటినీ తీరుస్తుందని తోచేసరికి మాలో వాదించుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

భద్రత కూడా మా వైపే సాక్ష్యం చెప్పింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి. తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా అవి కాపాడతాయి. మా పాత బండికి అవి లేవు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించినవాటిపై 40 శాతమైంది. అందువల్ల మా కల కూడా బుద్ధిగా 350 దగ్గరే ఆగింది. ఇరవై అశ్వశక్తి, రెండు వందల కిలోలకు కాస్త తక్కువ బరువు. అన్ని ఖర్చులూ కలిపి రోడ్డెక్కేసరికి రెండు లక్షలు దాటుతుంది.

మా దగ్గర అరవై వేలు ఉన్నాయి. ఒక షోరూముకు వెళ్లాము. అక్కడి కుర్రవాడు మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆ అరవై వేలు కట్టి ఈరోజే బండి తీసుకెళ్లవచ్చని, మిగిలినది మూడేళ్ల కిస్తుల్లో తీర్చవచ్చని చెప్పాడు. కిస్తు అన్నాడే కాని వడ్డీ అనలేదు. వడ్డీ ఎంతటి ఘోర పాపమో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. మాకూ తెలుసు. అయినా ఆ సాయంత్రం ఆ కాగితాన్ని చింపివేయలేదు, మడిచి ఇంటికి తెచ్చుకున్నాము. "ఈ కాలంలో ఎవరు కట్టడం లేదు? బండి అవసరమే కదా" అన్నారు బంధువులొకరు. అవసరం అనే మాట ఎంత సులభంగా సాగుతుందో ఆ రెండు వారాల్లో మాకు తెలిసివచ్చింది. నడుము నొప్పిని అవసరంగా చూపి, దాని చాటున బుల్లెట్ చప్పుడును కూడా లోపలికి తెచ్చుకోజూశాము.

కాగితం ఇంకా అల్మారాలో ఉండగానే ఒక ఆదివారం మల్లన్న సాగర్‌కు వెళ్లాము. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైన ఈ జలాశయం సామర్థ్యం 50 టీఎంసీలు. కట్ట పొడవే ఇరవై కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదు. పడమటి ఎండ పడి నీరంతా రాగి రేకులా మెరుస్తోంది. మేము బండి ఆపి ఫొటో తీసుకుంటున్నాము. కాస్త దూరంలో ఒక ముసలాయన కట్ట మీది రాయిపై కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన కండువా, పక్కన చేతికర్ర.

"ఏ ఊరు బిడ్డా?" అని అడిగాడు.

"సిద్దిపేట, తాతా. మీది?"

ఆయన కర్ర ఎత్తి నీటి వైపు చూపించాడు. "గదిగో, గాడ. గా గుట్టకు ఇవుతల. ఇప్పుడు నీళ్లల్ల ఉన్నది."

మేము ఫోను జేబులో పెట్టుకున్నాము. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ వంటి ఊళ్లు ఈ నీటి కింద ఉన్నాయని మాకు తెలియక కాదు. పత్రికల్లో చదివాము. వేములఘాట్‌వారు ఎన్నో రోజులు దీక్షలు చేసిన సంగతీ విన్నాము. కాని ఆ ఊళ్లకు చెందిన మనిషి పక్కన నిలబడి ఆ నీటిని చూడడం అదే మొదటిసారి.

ఆయన ఇప్పుడు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీలో ఉంటున్నాడట. అప్పుడప్పుడు బస్సెక్కి వస్తాడట. "మా ఇంటి పక్కపొంటి ఓ సాయబు ఉండె. ఇద్దరం ఒక్క ఈడోల్లం. ఆయన నాయిన గోరి గుడ గాడనే ఉండిపాయె. పండుగకు ఇద్దరం గలిసి ఈడికే వస్తం. ఆయన ఆ దిక్కు జూసి చేతులెత్తి దువా చేస్తడు. నేను జూసుకుంట కూసుంట" అన్నాడు.

తరువాత మా బండి వైపు చూసి, "గీ బండి మీదనే వచ్చిండ్రా ఇద్దరు?" అని నవ్వాడు. పెద్దది కొనాలనుకుంటున్నామని చెప్పాము. ఎందుకు చెప్పామో తెలియదు. ఆయన కొంతసేపు మాట్లాడలేదు.

"పైసలు వచ్చినప్పుడు మా పోరగాండ్లు ముందుగాల బండ్లే కొన్నరు బిడ్డా. నా మనుమడు గుడ డుగ్గుడుగ్గు అనేది కొన్నడు. మంచిగనే ఉండె. ఇప్పుడు బండి పాతదాయె, పైసలు ఒడిసె. ఎనుకట ఎడ్లబండి ఎక్కితే పొలం కాడికి పోతుంటిమి. గా బండెక్కి యాడికి పోవాలె?"

అందులో మాపై ఆక్షేపణ లేదు. తన మనుమడిపైనా లేదు. తనకు జవాబు దొరకని ప్రశ్నను మా ముందు పెట్టాడు, అంతే. మా దగ్గరా జవాబు లేదు. తెచ్చుకున్న రొట్టెలు ముగ్గురమూ పంచుకుని తిన్నాము. అస్ర్ వేళ కావడంతో కట్ట దిగువన జానమాజు పరచి నమాజు చేసుకున్నాము. ఆయన మా సంచికి కాపలా కూర్చున్నాడు. సలాం ఫేరిన తరువాత, ఆ నీటి అడుగున నిద్రిస్తున్న పేరు తెలియని ఆ తండ్రి కోసం మేమూ దుఆ చేశాము.

ఈ నీరు చెడ్డదని మేము అనము. దీనివల్ల పండుతున్న వరి మడుల మధ్య నుంచే మేము ఇంటికి వచ్చాము. మా చిన్ననాటి ఎండిన చెరువులను మేము మరచిపోలేదు. అల్లాహ్ ప్రసాదించిన నీటికి కృతజ్ఞత చెప్పాలి. మన పొలానికి అది చేరడానికి ఇల్లు వదులుకున్నవారినీ గుర్తుంచుకోవాలి. ఇన్నేళ్లూ మేము దీనిని దృశ్యంగానే చూశాము.

తిరుగు దారిలో బండి నడుస్తున్నంతసేపూ ముసలాయన ప్రశ్న మాతోనే ఉంది. మేము ఎక్కడికి పోవాలి? మా దారులన్నీ నూట యాభై కిలోమీటర్ల లోపే. మా చిన్న బండి వాటిలో మమ్మల్ని ఎక్కడా వదిలిపెట్టలేదు. వడ్డీ కాగితం మీద సంతకం చేస్తే ఇంకా ఎంత దూరం పోతామో లెక్కవేసుకున్నాము. దూరం పెరిగేట్టు కనిపించలేదు. ప్రతి నెలా గుండెలో ఒక బరువు పెరిగేట్టు మాత్రం కనిపించింది. సోమవారం ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాము.

పెద్ద బండి కోరిక పోయిందంటే అబద్ధం చెప్పినట్లే. ఇప్పటికీ రహదారిపై ఆ చప్పుడు వినిపిస్తే మాలో ఒకరి తల అటు తిరుగుతుంది. అందుకే అల్మారాలో కాగితం ఉన్న చోట ఒక రేకు డబ్బా పెట్టాము. నెలకు మూడు వేలు అందులో వేస్తున్నాము. ఇప్పటి ధరల్లో అయిదేళ్లు పడుతుంది. హలాల్ సొమ్ముతో, ఎవరికీ బాకీ లేకుండా కొనగలిగిన రోజున, అల్లాహ్ తలిస్తే, కొంటాము. ఈలోగా సీట్లు కుట్టే ఉస్తాద్ దగ్గర ఏడు వందలు ఇచ్చి వెనుక సీటులో మందపాటి స్పాంజి వేయించాము. నడుము నొప్పి సగానికి సగం తగ్గింది. రెండు వారాల పాటు మేము అవసరం అని పిలిచినదానికి ఏడు వందల రూపాయలే సరిపోయాయి. ఇద్దరికీ ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్లు కొన్నాము. బ్రేకు లైనర్లు మార్పించాము. వానలో బయలుదేరము. చీకటి పడక ముందే ఇంటికి చేరతాము. మీ ఇంట్లోనూ ఇద్దరు కలిసి ఇలా బయలుదేరేవారుంటే, వెనుక కూర్చునేవారికి హెల్మెట్ అవసరం లేదనే మాట మాత్రం వినకండి.

రానున్న ఈద్ తరువాతి ఆదివారం మేము మళ్లీ మల్లన్న సాగర్ కట్టకే వెళ్తున్నాము. ముసలాయన తన సాయబు స్నేహితునితో కలిసి వస్తానన్నాడు. ఈసారి పిల్లలు కూడా వస్తామంటున్నారు. నలుగురికీ మా బండి చాలదు. బస్సులో వెళ్తాము. సేమ్యా డబ్బా దాదీమా కట్టి ఇస్తానన్నారు.